దిండి పెళ్లి: కొబ్బరితోటలో 400 మందికి, చెత్త తగ్గించి ఎలా చేశాం

పెళ్లికూతురు వాళ్లది హైదరాబాద్. పెళ్లికొడుకు టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తాడు, తాతగారి ఊరు రాజోలు దగ్గర. పిల్లలిద్దరికీ డెస్టినేషన్ వెడ్డింగ్ కావాలి, అది ఎకో ఫ్రెండ్లీగా ఉండాలి. పెద్దవాళ్లకు మాఘమాసం దాటకూడదు, భోజనాల దగ్గర మాట రాకూడదు. వాళ్లు మొదట అనుకున్న చోటు ఉదయ్‌పూర్. పెళ్లి జరిగింది మాత్రం కోనసీమలో, వశిష్ఠ గోదావరి ఒడ్డున దిండిలో, ఒక కొబ్బరితోటలో. రెండు రోజులు, సుమారు 400 మంది.

పెళ్లి ఏర్పాట్లు చూసే నాకు పిల్లలు ముందే ఒక లిస్టు పంపారు. వెదురు స్ట్రాలు, విత్తనాలు కలిపిన కాగితంతో శుభలేఖలు, జనపనార బ్యానర్లు, ‘జీరో వేస్ట్ వెడ్డింగ్’ అని రాసిన సెల్ఫీ పాయింట్. అన్నీ చూడ్డానికి బాగుంటాయి. ఇవన్నీ చేసినా ఆ పెళ్లి వల్ల పుట్టే పొగ, చెత్త పెద్దగా తగ్గవు. ఎవరు ఎంత దూరం నుంచి దేంట్లో వస్తున్నారు, పొయ్యి మీద ఎంత పడుతోంది అన్న రెండు ప్రశ్నల దగ్గరే చాలావరకు తేలిపోతుంది. ఆ రెండూ తేలాకే పూల దగ్గరికి వద్దామని వాళ్లకు చెప్పాను.

చోటు, ప్రయాణం

నేను ఏ పెళ్లికైనా అతిథుల జాబితాను ముందు ఊళ్లవారీగా రాయించుకుంటాను. ఎవరి తరపు, ఏ వరస అన్నది తర్వాత. ఈ జాబితాలో సగం మంది రాజోలు, అమలాపురం, పాలకొల్లు, భీమవరం, రాజమండ్రి చుట్టుపక్కల వాళ్లే. నూట యాభై మంది దాకా హైదరాబాద్. మిగతావాళ్లు బెంగళూరు, చెన్నై, అమెరికా. ఉదయ్‌పూర్‌లో చేస్తే వీళ్లందరూ విమానం ఎక్కాలి, లేదా ముసలివాళ్లు మానేయాలి.

కోనసీమ పేరు ఎత్తగానే పెళ్లికొడుకు నాన్నగారు నవ్వేశారు. “మా ఊళ్లో చేస్తే అది డెస్టినేషన్ ఎలా అవుద్దండీ?” అన్నారు. హైదరాబాద్ వాళ్లలో చాలామంది పాలకొల్లు వైపు నుంచి గోదారి దాటించే చించినాడ వంతెన ఎప్పుడూ దాటలేదు, వాళ్లకిది డెస్టినేషనే కదండీ అన్నాను. ఆ మాట ఆయనకు నచ్చింది. మా పనిలో ఇది బాగా పనికొచ్చే సూత్రం: ఒక వైపు వాళ్లకు సొంతూరు, రెండో వైపు వాళ్లకు కొత్త ఊరు అయ్యే చోటు వెతకడం. సగం మంది ప్రయాణం ఆటో దూరానికి వచ్చేస్తుంది.

లెక్క వేసి చూపిస్తే గానీ కారు మీద మోజు తగ్గదు. హైదరాబాద్ నుంచి దిండికి నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు. రానూపోనూ ఒక కారుకు దాదాపు 60 లీటర్ల పెట్రోలు పడుతుంది. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే ఒక్క కారుకు 140 కిలోలు. అందరూ తిట్టిపోసే జనరేటర్ సంగతి చూద్దాం. 62.5 కేవీఏ సెట్టు సగం లోడ్ మీద గంటకు ఏడెనిమిది లీటర్ల డీజిల్ తాగుతుంది, డీజిల్‌కు లీటరుకు 2.7 కిలోల దాకా వేసుకోవాలి. పది గంటలు ఆడించినా రెండు వందల కిలోల చిల్లర. రెండు కార్లు హైదరాబాద్ నుంచి వచ్చి వెళ్తే ఆ లెక్క దాటిపోతుంది.

అందుకే హైదరాబాద్ వాళ్లను రైలెక్కించాం. నరసాపురం వెళ్లే రాత్రి రైలు ఎక్కి పొద్దున్నే పాలకొల్లులో దిగితే, అక్కడి నుంచి వంతెన దాటడమే. ఐఆర్‌సీటీసీలో బోగీ మొత్తం మాట్లాడుకునే పద్ధతి కూడా ఉంది. కానీ బోగీకి 50,000 రూపాయలు డిపాజిట్, మామూలు చార్జీ మీద అదనపు వడ్డింపు, ఆ కాగితాల పని చూసి వదిలేశాం. 2024 నవంబర్ నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి ఆ రోజు పొద్దున్న ఎనిమిదింటికి రెండు ఇళ్ల కుర్రాళ్లు తలా ఒక ఫోన్‌తో కూర్చుని ఆరేసి మంది చొప్పున బుక్ చేసేశారు. పాలకొల్లు స్టేషన్ బయట బస్సులు పెట్టాం. కోటిపల్లి–నరసాపురం లైను పూర్తయితే ఈ బస్సుల పని కూడా తగ్గుతుంది, కానీ ఆ లైను కోసం మా తాతల కాలం నుంచి ఎదురుచూస్తూనే ఉన్నారు.

టెక్సాస్ నుంచి వచ్చేవాళ్ల గురించి మాత్రం దాచకుండా మాట్లాడుకున్నాం. అక్కడి నుంచి ఒక మనిషి రానూపోనూ విమానంలో వస్తే రెండు టన్నులకు తక్కువ కాదు. ఇందాకటి జనరేటర్‌ను రోజుకు పది గంటల చొప్పున తొమ్మిది పది రోజులు ఆడించినదానితో సమానం. తోడబుట్టినవాళ్లను రావద్దనలేం. ఎలాగూ ఆ ఏడాది ఇండియా వచ్చే ఆలోచన ఉన్న స్నేహితులను అప్పుడే రమ్మన్నారు, పెళ్లి కోసమే మూడు రోజులు వచ్చి వెళ్దామనుకున్నవాళ్లకు లైవ్ పెట్టారు. ఇంత ప్రయాణం ఉన్న పెళ్లికి ‘జీరో’ అన్న మాట రాయడానికి నేను ఒప్పుకోలేదు. ఆ సెల్ఫీ పాయింట్ అలా పోయింది.

ముహూర్తం

పంతులుగారు రెండు ముహూర్తాలు ఇచ్చారు. ఒకటి అర్ధరాత్రి దాటాక, రెండోది పొద్దున్న పదిన్నర ప్రాంతంలో. మన పెళ్లిళ్లలో కరెంటు ఖర్చు ముహూర్తమే నిర్ణయిస్తుంది. రాత్రి ముహూర్తం అంటే తోటంతా లైట్లు, తెల్లవార్లూ టీలు, కాఫీలు, రెండోసారి టిఫిన్లు. పైగా రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఆరుబయట మైకు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పెళ్లికొడుకు నాయనమ్మగారికి పగటి పెళ్లి మొదట రుచించలేదు. పంతులుగారే కూర్చుని, “లగ్నబలం దీనికే బాగుందమ్మా” అని నచ్చజెప్పారు. కరెంటు ఆఫీసులో తాత్కాలిక కనెక్షన్ తీసుకున్నాం, జనరేటర్ స్టాండ్‌బైగా ఉంది. సంగీత్ రోజు డీజే పదికి ఆగిపోయింది. పెళ్లికి సన్నాయి మేళమే.

పందిరి, పూలు

నది ఒడ్డునే మండపం వేయాలని ఫోటోగ్రాఫర్ పట్టుబట్టాడు. మధ్యాహ్నం దాటితే అక్కడ గాలి ఎదురులేకుండా వీస్తుంది, ఎగిరే ప్రతి కాగితమూ గోదాట్లో పడుతుంది. అందుకని తోట లోపలికి వచ్చాం. నది ఫోటోలు సాయంత్రం వెళ్లి తీసుకున్నారు.

పందిరికి సరుగుడు బాదులు, కొబ్బరాకు తడికలు, కొబ్బరి తాళ్లు. ఇనుప ట్రస్సు, గుడ్డ సీలింగ్ లేవు. కోనసీమలో ఇది కొత్త కాదు, ఈ మధ్య మానేశారంతే. మట్టను నడి ఈనె వెంట చీల్చి, ఆకులను ఒకదాని కింద నుంచి ఒకటి తీసి అల్లుతారు. పచ్చి తడిక బరువుగా ఉంటుంది, ఎండేకొద్దీ ఆకు ముడుచుకుని సందులు పడతాయి. అందుకని పైకప్పుకు వారం ముందు అల్లి ఆరబెట్టినవి వాడి, ఫోటోల్లో కనిపించే ముందు భాగానికి ముందురోజు సాయంత్రం అల్లిన పచ్చివి కట్టించాం. ఎండాకు పందిరి కింద హోమం చేస్తారు కాబట్టి ఆ భాగం కప్పు బాగా ఎత్తు లేపించాం. నాలుగు మూలలా ఇసుక బకెట్లు, నీళ్ల డ్రమ్ములు. బాణాసంచా అసలు లేదు. దాని గురించి అడిగినవాళ్లకు పర్యావరణం అని చెప్పే పని పడలేదు, తలెత్తి పందిరి వైపు చూస్తే వాళ్లకే అర్థమైంది.

పూలు కడియపులంక మార్కెట్ నుంచి తెచ్చాం. బంతి, చేమంతి, లిల్లీ, సన్నజాజి. ఆర్కిడ్లు, విమానంలో వచ్చే పూలు వద్దన్నాం. అసలు చిక్కు పూలది కాదు, వాటిని గుచ్చే ఆకుపచ్చ ఫోమ్‌ది. డెకరేషన్ వాళ్లు వాడే ఆ ఇటుక లాంటి ఫోమ్ ఒక రకం ప్లాస్టిక్. వేలితో నొక్కితే పొడిపొడిగా రాలుతుంది, ఆ పొడి మట్టిలో కలిసినట్టు కనిపిస్తుంది గానీ కరగదు. పెళ్లయ్యాక ఏరడం కుదరదు. పూలన్నీ సహజమైనవే వాడి కింద ఈ ఫోమ్ పెట్టిన ‘ఎకో’ పెళ్లిళ్లు నేను చాలా చూశాను.

దీనికి మందు అరటి బోదె. గెల కోసేసిన చెట్టు బోదెను జానెడు ముక్కలుగా కోసి, పళ్లెంలో నిలబెట్టి, పుల్లతో చిల్లు పొడిచి కాడ గుచ్చాలి. బోదెలోనే నీరుంటుంది కాబట్టి బంతిపూలు రెండో రోజు సాయంత్రానికి కూడా వాడిపోలేదు. రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోవాలి. కోసిన చోట కారే రసం పట్టుచీరకు తగిలితే ఆ మరక పోదు, అందుకని ముక్కలను ఒక పూట వారగా బోర్లించి ఓడ్చాలి. ఇక గులాబీ లాంటి మెత్తటి కాడలకు ముందే చిల్లు చేయకపోతే కాడ విరుగుతుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన డెకరేటర్ కుర్రాళ్లు మొదట ముఖం చిట్లించారు. తోట కాపలా చూసే పెద్దాయన రెండు ముక్కలు గుచ్చి చూపించి, “ఆయ్, ఇంతేనండి బాబూ” అనేసరికి మొదలుపెట్టారు.

తలంబ్రాల దగ్గర చిన్న గొడవ అయింది. ఇప్పుడు తలంబ్రాలంటే రంగు థర్మోకోల్ గుండ్లు, ముత్యాలు, మెరుపులు. పెళ్లికూతురు పిన్ని ఒక బుట్టెడు తెచ్చి ఉంచారు. “వీడియోలో బియ్యం కనపడవండీ” అన్నారు. ఆ గుండ్లు గాలికి లేచి కాలవలో తేలతాయి, చేపలు, బాతులు తింటాయి. పసుపు కలిపిన బియ్యంలో గులాబీ, చేమంతి రేకులు కలిపి, దోసిలి పట్టి పోయించి ఫోన్‌లో వీడియో తీసి ఆవిడకే చూపించాం. రేకులు నెమ్మదిగా రాలతాయి కాబట్టి వీడియోలో ఇంకా బాగా కనపడ్డాయి. ఆవిడ ముత్యాలు మాత్రం కొన్ని విడిగా పళ్లెంలో పెట్టించుకున్నారు, పోయకుండా. అక్కడితో ఇద్దరం సర్దుకున్నాం.

శుభలేఖల సంగతి క్లుప్తంగా చెబుతాను. చేతిలో పెట్టి బొట్టు పెట్టి పిలవాల్సిన ఇళ్లకు పసుపు రాసిన మామూలు కాగితం కార్డు, మిగతావాళ్లకు వాట్సాప్. విత్తనాల కాగితం కార్డు ఎవరూ నాటరు, బీరువాలో పెడతారు.

వంట

క్యాటరింగ్ వాళ్లు ఆకుకు ఇంత అని మాట్లాడుకుంటారు. ఎన్ని ఐటమ్స్ పెంచితే ఆకు ధర అంత పెరుగుతుంది, ఎంత మిగిలినా వాళ్లకు నష్టం లేదు. ఆహారం పారేయడం ఈ ఒప్పందంలోనే ఉంది. అందుకే పాత పద్ధతికి వెళ్లాం: సరుకు పెళ్లివారిది, కూలి వంటవారిది. అమలాపురం వైపు నుంచి వంట బృందాన్ని పిలిచాం. సరుకు తమది అయ్యేసరికి పెళ్లికొడుకు మేనత్త రోజూ లిస్టు చేతబట్టుకుని నిలబడ్డారు. అంతకన్నా గట్టి ఆడిటర్ నాకు దొరకరు.

ముప్పై రెండు ఐటమ్స్ అనుకున్న పెళ్లి భోజనం పద్దెనిమిదికి దిగింది. పనీర్, బేబీకార్న్, మంచూరియా పోయాయి. పనసపొట్టు కూర, కంద బచ్చలి, గుత్తివంకాయ, ముద్దపప్పు, పులిహోర, బూరెలు, గడ్డపెరుగు ఉన్నాయి. తగ్గించినట్టు ఎవరికీ తెలియలేదు. సంగీత్ రాత్రి పులస పెట్టించమని ఒక బాబాయిగారు పట్టుబట్టారు. పులస గోదారికి ఎర్రనీళ్లు వచ్చే రోజుల్లో ఎదురీదుతూ వస్తుంది, మాఘంలో ఆ పేరు చెప్పి అమ్మేది వేరే చేపో, ఫ్రీజర్లో పెట్టిందో అయి ఉంటుంది. గోదారి జిల్లా వాళ్లకే ఇది నేను చెప్పాల్సి రావడం కొంచెం విడ్డూరమే.

బఫే వద్దని బంతి భోజనం పెట్టాం. బంతిలో వృథా తక్కువ అని అందరూ అంటారు, అది సగమే నిజం. జనం కూర్చోకముందే ఆకు నిండా అన్నీ వడ్డించేస్తే బఫేకన్నా ఎక్కువ పోతుంది. మనిషి కూర్చున్నాకే వడ్డన మొదలు, బూరె ఒకటే, రెండోది అడిగితే, కూరలకు చిన్న గరిటె. వడ్డించేవాళ్లు మాత్రం రెండుసార్లు తిరిగి అడగాలి. ఆ అడగడం లేకపోతే పిసినారితనం అనుకుంటారు. పెద్ద పెళ్లి భోజనంలో కిలో బియ్యం ఎనిమిది పది మందికి సరిపోతుంది. మొదటి గుండిగ రెండు వందల మందికే వండి, రెండో బంతి కూర్చున్నాక తలలు లెక్కపెట్టి తర్వాతి ఎసరు పెట్టారు. అన్నం చివర్లో రెండు బేసిన్లు మిగిలింది, అంతే.

మిగిలినది పంచడం గురించి నా అభిప్రాయం వేరు. తోట చుట్టూ ఉన్న ఇళ్ల వాళ్లను, పందిరి కట్టినవాళ్లను, బస్సు డ్రైవర్లను మూడో బంతికి ముందే పిలిచాం. వాళ్లు అతిథుల లెక్కలోనే ఉన్నారు. మిగిలాక ఫోన్ చేసి గిన్నె తెచ్చుకోమనడం కన్నా అది మర్యాద. పైగా మిగిలిన వంటను 60 డిగ్రీల పైన వేడిగా ఉంచకపోతే కొన్ని గంటల్లో పాడవుతుంది, పల్లెలో అంత ఏర్పాటు ఉండదు.

ఆకులు, గ్లాసులు

భోజనానికి రావులపాలెం వైపు నుంచి వచ్చిన అరిటాకులు. టిఫిన్లకు అడ్డాకు ప్లేట్లు ఆర్డర్ ఇచ్చాం. వచ్చిన సరుకు మీద బయోడిగ్రేడబుల్ అని ముద్ర ఉంది. నేను ఏ లోడు వచ్చినా ఒక ప్లేటు మరిగే నీళ్లలో పావుగంట నానబెట్టి గోరుతో గీకి చూస్తాను. ఈ లోడులో ఆకు కింద నుంచి పల్చటి ప్లాస్టిక్ పొర లేచి వచ్చింది. సరుకు తిప్పి పంపి, ఈనె పుల్లలతో కుట్టిన మామూలు విస్తర్లు తెప్పించాం. పేపరు కప్పుల సంగతీ ఇంతే, లోపల పొర ఉంటుంది కాబట్టే టీ కారదు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, డెకరేషన్ థర్మోకోల్, స్వీటు బాక్సుల మీద, శుభలేఖల మీద చుట్టే ప్లాస్టిక్ పొర దేశమంతటా నిషేధం. చిన్న నీళ్ల బాటిళ్లు మాత్రం ఆ జాబితాలో లేవు.

పెళ్లిళ్లలో కుప్ప పడేవి అవే. మనిషికి రోజుకు ఆరు బాటిళ్లు వేసుకున్నా రెండు రోజులకు 4,800. సగం తాగి వదిలేసినవే ఎక్కువ. వాటి బదులు ఊళ్లోని ఫిల్టర్ ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్లు, రాగి బిందెలు, షామియానా షాపు నుంచి అద్దెకు 1,200 స్టీలు గ్లాసులు. గ్లాసుల పని అంతా తోమడంలో ఉంది. నలుగురు ఆడవాళ్లను పెట్టి, నీడ ఉన్న చోట, నిలబడి తోమగలిగే ఎత్తులో బల్ల వేయించాం. ఒక తొట్టిలో సబ్బునీళ్లు, ఒకదాంట్లో మంచినీళ్లు, చివర వేడినీళ్లు. వంగి తోమాల్సి వస్తే మధ్యాహ్నానికి నడుం పట్టేసి పని ఆగుతుంది, ఎవరో ఒకరు పేపరు కప్పులు తెచ్చేస్తారు. కడిగిన నీళ్లు జల్లెడలోంచి కొబ్బరి పాదుల్లోకి మళ్లించాం.

రెండో రోజు పొద్దున్న ఒక దగ్గరి చుట్టం వ్యాన్‌లో బాటిళ్ల కేసులు దింపేశారు. “పెళ్లన్నాక బాటిళ్లు లేకపోతే ఎలాగమ్మా” అని పెద్దమనసుతోనే తెచ్చారు, వెనక్కి పంపితే అవమానం. వాటిని తిరుగు ప్రయాణం బస్సుల్లో సర్దించాం, ఖాళీ సీసాలు డ్రైవర్లు గోతాల్లో వెనక్కి తెచ్చారు.

కొబ్బరిబొండాలు బొండంగా ఇవ్వలేదు. కొట్టి, వడకట్టి, గ్లాసుల్లో పోసి ఇచ్చాం. స్ట్రా అక్కర్లేదు, పట్టుబట్టల మీద మరకలూ ఉండవు. ఖాళీ బొండాలను రెండుగా చీల్చి చెట్ల మొదట్లో బోర్లించాలి. వెల్లకిలా వదిలేస్తే నీళ్లు నిలిచి, వారంలో దోమలు.

చెత్త

లైసెన్సు లేని చోట వంద మందికి మించి జనం చేరే కార్యక్రమం అయితే మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు చెప్పాలని, చెత్త వేరుచేసి ఇవ్వాలని అప్పటికి అమల్లో ఉన్న 2016 నాటి ఘనవ్యర్థాల నియమాల్లో ఉంది. పెళ్లివాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. పంచాయతీ కార్యదర్శికి కాగితం ఇవ్వడం వల్ల మాకు లాభమే జరిగింది. గ్రీన్ అంబాసిడర్లు (పంచాయతీ పారిశుద్ధ్య కార్మికులు) ఎప్పుడు వస్తారో, ఊరి ‘చెత్త నుంచి సంపద’ కేంద్రం ఏం తీసుకుంటుందో ముందే తెలిసింది.

డబ్బాల మీద బోర్డులు ఎన్ని రాసినా ఎవరూ చదవరు. ప్రతి డబ్బా దగ్గరా ఒక మనిషి నిలబడాలి. విస్తర్లు, ఆకులు, కూరగాయల తొక్కలు తోట చివర తవ్విన గోతిలోకి వెళ్లాయి: ఒక పొర ఆకులు, ఒక పొర ఎండుగడ్డి, పైన పేడనీళ్లు, మళ్లీ అలాగే. ఎంగిలాకులు పశువులకు వేయడం పాత అలవాటు. ఇప్పుడు వాటి మధ్య ఒక్క పాకెట్టు ముక్క ఉన్నా పశువు కడుపులోకి పోతుంది, అందుకని వేయనివ్వలేదు. పొడి చెత్త ఆరు గోతాలు వచ్చింది. అందులో ఎక్కువ భాగం బహుమతులకు చుట్టిన మెరుపు కాగితాలే. వాటిని ఆపే దారి నాకు ఇంకా దొరకలేదు. పందిరి విప్పాక తడికలు దడులు కట్టుకోవడానికి ఊరివాళ్లు పట్టుకెళ్లారు, బాదులు అద్దెకిచ్చినవాళ్లకు తిరిగి వెళ్లాయి. తాంబూలంలో బండారులంక నేత తువ్వాలు, తాటాకు బుట్టలో ఆత్రేయపురం పూతరేకులు ఇచ్చారు.

ఖర్చు

డెకరేషన్ ఖర్చు మొదటి కొటేషన్‌లో సగానికి దిగింది. సరుకు మన చేతిలో ఉండటంతో వంట ఖర్చు కూడా తగ్గింది. పెరిగింది కూలి: అల్లేవాళ్లు, తోమేవాళ్లు, డబ్బాల దగ్గర నిలబడేవాళ్లు, వడ్డనకు అదనపు మనుషులు. మా ఫీజు కూడా ఎక్కువే తీసుకున్నాం, ఎందుకంటే ఇలాంటి పెళ్లికి రెండు నెలల ముందు నుంచి ఫోన్ల పని చాలా ఉంటుంది. మొత్తం మీద ఉదయ్‌పూర్ అంచనాకన్నా బాగా తక్కువకే అయింది, డబ్బులో పెద్ద వంతు చుట్టుపక్కల ఊళ్లకే చేరింది.

ఇదే పెళ్లిని జూన్‌లో చేయమంటే నేను ఒప్పుకోను. కొబ్బరాకు పందిరి కింద ఆ ఉక్కపోతకు ఏసీ టెంటు అడుగుతారు, వాన పడితే బురద, బంతులు సాగవు. రాత్రి ముహూర్తమే కావాలన్నవాళ్లకు తోట వద్దని, కరెంటు, వంటగది ఉన్న కల్యాణ మండపం చూసుకోమని చెబుతున్నాను. ఉదయ్‌పూరే కావాలన్నవాళ్లకు అతిథులను వంద లోపు పెట్టుకుని, ఊళ్లో భోజనాలు విడిగా చేయమంటున్నాను.